గొంతు దాదీదే, మాట ఎవరిది?



చనిపోయినోళ్ల గొంతును ఏఐతో మళ్లీ తెప్పించే వీడియోలు ఈ మధ్య చానా వస్తున్నాయి. సుగాలి, చెంచు, యానాది, ఎరుకల పిల్లలం మనం దీని గురించి కొంచెం ఆలోచించాలని రాస్తున్నా. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

2020లో దక్షిణ కొరియాలో ఒక టీవీ ఛానల్ వాళ్లు చనిపోయిన పాప రూపాన్ని కంప్యూటర్‌లో చేసి, తల్లి కళ్లకు వీఆర్ పెట్టి చూపించినారు. ఇప్పుడది మన సినిమాల దాకా వచ్చింది. 2020 సెప్టెంబర్ 25న బాలు గారు పోయినారు. 2023లో వచ్చిన ‘కీడా కోలా’లో ఆయన గొంతును తమను అడగకుండా ఏఐతో వాడినారని కుటుంబం లీగల్ నోటీసు పంపింది. 2024లో ‘లాల్ సలామ్’ పాటలో ఏఆర్ రెహమాన్ కూడా చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడినాడు. ఆయన మాత్రం కుటుంబాలను అడిగి, డబ్బులు ఇచ్చినామని చెప్పినాడు.

అడగడం ముఖ్యమే. కానీ మనకు అదొక్కటే సరిపోదు, భాష సంగతి కూడా ఉంది.

మాది పత్తికొండ వైపు తండా. దాదీ పోయి రెండేళ్లయింది. మా బాపు, యాడి మిరప కోతలకు గుంటూరు పోయినప్పుడు, పక్కింటి పిల్లోళ్లతో ఫోన్ నొక్కించుకుని దాదీ వాయిస్ మెసేజ్‌లు పెట్టేది. పదకొండు మిగిలినాయి. మా చిన్నాన్న కొడుకు బీటెక్ చదువుతాడు. ప్రేమతోనే వాటిని ఒక యాప్‌లో వేసి, దాదీ గొంతుతో కొత్త మాటలు చెప్పించినాడు. గొంతు అచ్చం ఆమెదే. కానీ మాట్లాడింది తెలుగు, అదీ టీవీ వార్తల తెలుగు! బాపు రెండుసార్లు విని, “గొంతు యాడిదే, మాట ఎవరిదిరా?” అన్నాడు.

దాదీకి ఇంట్లో ఎప్పుడూ గోర్ బోలీనే. తెలుగు సంతకూ ఆఫీసుకూ మాత్రమే. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో 22 భాషలున్నాయి. అందులో గోర్ బోలీ లేదు, ఎరుకల భాష లేదు. మిషన్లు ఎక్కువగా నేర్చుకునేది పెద్ద భాషలనే. ఇట్లే పోతే మన పెద్దోళ్లు ఆ మిషన్లలో తెలుగోళ్లుగానో హిందీవోళ్లుగానో మిగులుతారు.

పాత మెసేజ్‌లలో దాదీ దగ్గు ఉంది, వెనక మేకల అరుపు ఉంది, “కూలి డబ్బులు ఇచ్చినారా లేదా” అనే గద్దింపు ఉంది. యాప్ అవన్నీ తీసేసింది. బాపు ఇప్పటికీ వినేది ఆ పాతవే.

మరి ఉన్నవి దాచుకుంటే చాలా? ఎక్కడ, ఎవరి దగ్గర దాస్తున్నామో కూడా చూడాల. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు చెంచుల మధ్య తిరిగి ఫోటోలు తీసినాడు. 1943లో వాళ్ల మీద పుస్తకం వేసినాడు. ఆయన ఫోటోలు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో ఉన్నాయి. ఆ ఫోటోల్లోని మనుషుల మనవళ్లు ఉండేది నల్లమలలో. ఇది మా తాత అని గుర్తుపట్టాల్సినోళ్లు వాళ్లు!

కంప్యూటర్ సైన్స్ చదివే అన్నలు, అక్కలు మనకోసం ఒక యాప్ చేస్తే నేను కోరేది ఇంతే. పెద్దోళ్లను బతికుండగానే అడగాల. వాళ్ల మాట వాళ్ల భాషలోనే ఉండాల. వాళ్లు అనని మాట మిషన్ అనకూడదు. ఆడోళ్ల మధ్య పాడే పాటలు ఎవరు వినాలో ఆడోళ్లే చెప్పాల. కుటుంబం వద్దంటే తీసేయాల. సిగ్నల్ లేని గూడెంలో కూడా పని చేయాల.

యాప్ వచ్చేలోపు ఈ పని చేయండి. ఈసారి ఇంటికి పోయినప్పుడు, మీ జేజి ఒప్పుకుంటే ఒక పాటో కథో రికార్డ్ చేయండి. ఫైల్‌కు ఆమె పేరు, ఊరు, తేదీ పెట్టండి. ఇంకో కాపీ వేరే ఫోన్‌లో ఉంచండి. ఫోన్ మార్చేటప్పుడు ముందు పోయేవి వాయిస్ మెసేజ్‌లే. మా దాదీకి చదువు రాదు, ఆమె చేత్తో రాసిన కాగితం ముక్క ఒక్కటీ లేదు. మాకున్నది ఆ పదకొండే.