వంగిన గీతలు

మా తల్లిగారు చివరి దినములలో గోడమీది బల్లిని చూడగలిగెడివారు గాని, ఎదుట నిలిచిన మమ్ము పోల్చుకొనలేకపోయెడివారు. "గొంతు వినబడుతోందిరా, మొగం ఉన్నచోట మసి పూసినట్టుంది" అనెడివారు. బల్లి కనబడి కన్నకొడుకు కనబడకపోవుటేమని మేము విసుగుకొంటిమి. 1994లో ఆమె గతించిరి.

బరంపురములో ముప్పదిరెండేండ్లు గుమాస్తాగిరి చేసి విశ్రాంతి గైకొన్న పిమ్మట, ఒకనాడు ఇంటి పద్దుల పుస్తకము తెఱవగా గీతలు నడుమ వంగి కనబడినవి. కాగితము తడిసినదేమో యని తడిమి చూచితిమి. పొడిగానే యున్నది. బ్రతుకంతయు గీతల నడుమ అంకెలు వ్రాసినవారము. మాకా గీత సంగతి తెలియనిది!

వైద్యులు చెప్పినదియు, పిదప మేము చదివినదియు, మా మెట్రిక్యులేషను చదువునకు అందినంత వఱకు చెప్పెదము. కంటి వెనుక తెర నడిబొడ్డున మాక్యులా యను చిన్న చోటు గలదు. ముఖములను, అక్షరములను పోల్చునది అదియే. అది చెడినను తెర అంచులు పనిచేయును గనుక ప్రక్కనున్న బల్లి కనబడును. రక్తములో రోగక్రిములపై బడు ప్రొటీనులు కొన్ని గలవు. అవి మన కణములపైననే పడకుండ పగ్గము పట్టునది ఫాక్టర్ హెచ్ అను వేఱొక ప్రొటీను. దానిని తయారుచేయు జన్యువులో ఒక్క అక్షరము మారి, 402వ స్థానమున టైరోసీనునకు బదులు హిస్టిడీను వచ్చినవారికి ఈ వ్యాధి భయము హెచ్చని 2005లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పద్దులో ఒక్క అంకె తప్పినట్లే! పగ్గము సడలినచో తెర వెనుక సన్నని వాపు ఏండ్ల తరబడి సాగును. కొందఱిలో అచటి కణములు వి.ఇ.జి.ఎఫ్. అను ప్రొటీనును విడిచి క్రొత్త రక్తనాళములను మొలిపించును. ఆ నాళములు గట్టివి కావు. కారి, తెరను ఉబ్బించును. గీతలు వంగుట అందువలననే.

ఆ మార్పు గలవారందఱికిని వ్యాధి రాదు. మా జన్యువును ఎవరును పరీక్షింపలేదు. పొగ మాత్రము ఈ ముప్పును మిక్కిలి పెంచును. మా తల్లిగారు గంజాము పల్లెలో పుట్టినవారు. నిప్పుకొస నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగెడివారు. మేమును ఇరువదేండ్లు చుట్ట కాల్చితిమి.

మాకు కంటిలో వేసిన సూదిమందు బెవాసిజుమాబు. అది 2004లో అమెరికాలో పెద్దప్రేగు క్యాన్సరునకు అనుమతి పొందిన మందు, ఆ వి.ఇ.జి.ఎఫ్.ను పట్టి బంధించును. కంటిలో సూది యనగానే వణకితిమి గాని, చుక్కలమందుతో కంటిని తిమ్మిరెక్కించిరి. భయపడినంత సేపైనను పట్టలేదు. ఐదు సూదులకు గీతలు చాలవఱకు చక్కబడినవి. అమ్మ కాలమున ఈ మందు లేదు. అది ఎవరి తప్పును కాదు. విసుగుకొనుట మా తప్పు.

ఇప్పుడు గళ్ళ కాగితమొకటి క్యాలెండరు మేకునకు తగిలించి, ప్రతి ఉదయమును ఒక కన్ను మూసి మఱియొక కంట చూచుకొందుము. మా అక్కగారిని కూడ బతిమాలి చూపించితిమి. ఆమె చూచి, "అన్నీ తిన్నగానే ఉన్నాయిరా తమ్ముడూ" అని, పెరటిలోనికి పోయి చుట్ట ముట్టించిరి.