వాల్కో: అంగళ్ళు పోయాయి, ఇళ్ళు రాలేదు

కాలిఫోర్నియాలోని కూపర్టినో 60 వేల జనాభా ఉన్న ఊరు. దాని తూర్పు భాగంలో, స్టీవెన్స్ క్రీక్ రోడ్డుకూ 280వ నంబరు ఫ్రీవేకూ మధ్య, వోల్ఫ్ రోడ్డుకు రెండు పక్కలా సుమారు 50 ఎకరాల స్థలం ఉంది. దాని పేరు వాల్కో. 1976 నుంచి దాదాపు నలభై ఏళ్ళపాటు ఇది ఊరికి పెద్ద బజారు. పెళ్ళి బట్టల నుంచి పిల్లల బూట్ల దాకా అన్నీ ఇక్కడే దొరికేవి. మంచు మీద జారే ఆట నేర్చుకోవాలన్నా, సినిమా చూడాలన్నా జనం ఇక్కడికే వచ్చేవారు. మాల్ కూల్చివేత 2018 అక్టోబరులో మొదలైంది. దాని స్థానంలో వేల ఇళ్ళు రావలసి ఉంది.

స్టీవెన్స్ క్రీక్ వైపు నుంచి వోల్ఫ్ రోడ్డులోకి తిరిగి ఉత్తరంగా నడిస్తే, ఆ స్థలం చుట్టూ ఉన్న మూడు రకాల ఊళ్ళు ఒక్కసారే కంటబడతాయి. ముందు ఫ్రీవే వంతెన, అది దాటగానే యాపిల్ పార్క్. 175 ఎకరాల ఆ ఆవరణను 2017లో తెరిచారు, 12 వేల మంది పనిచేసేలా కట్టారు. తూర్పున మెయిన్ స్ట్రీట్ అనే కొత్త బజారు ఉంది. తినుబండారాల దుకాణాలు, ఒక హోటలు, కొన్ని అపార్ట్‌మెంట్లు, మధ్యలో పచ్చిక, సాయంత్రమైతే పిల్లల కేరింతలు. పడమట పోర్టల్ వీధులున్నాయి. ఇక్కడివి ఎక్కువగా ఒంటి అంతస్తు ఇళ్ళు. ముందు కారు షెడ్డు, వెనక పెరడు, పెరట్లో నిమ్మచెట్టు. పెరటి గోడ అవతలే మాల్ చుట్టు రోడ్డు, దాని పక్కన చెట్ల వరస. ఆ గోడ దగ్గర నిలబడి తలెత్తి చూస్తే ఇప్పుడు కనిపించేది ఆకాశం. 2018లో అనుమతి పొందిన ప్లాను ప్రకారం వాల్కోలో అతి ఎత్తైన భవనం 22 అంతస్తులు. ఈ వివాదాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా చూడవలసింది ఆ గోడనే అని ఈ వ్యాసకర్తకు అనిపించింది.

శాంటా క్లారా లోయ ఒకనాడు ప్లమ్, ఆప్రికాట్ తోటలకు పేరుపొందింది. కూపర్టినో 1955లో మునిసిపాలిటీ అయింది. 1960లలో వేరియన్ కంపెనీ, కొన్ని భూస్వామి కుటుంబాలు కలిసి తోటల భూమిని వ్యాపార స్థలంగా మార్చాయి. ఆ కంపెనీ పేరులోని అక్షరాలు, కుటుంబాల పేర్లలోని అక్షరాలు కలిపితే వచ్చిందే వాల్కో.

మాల్ దెబ్బతినడానికి ఆన్‌లైన్ అమ్మకాలే కారణమని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు అంతకుముందే మొదలైంది. అదే స్టీవెన్స్ క్రీక్ రోడ్డు మీద కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న వ్యాలీ ఫెయిర్ మాల్‌ను 1980లలో పెద్దది చేశాక కొనేవాళ్ళు అటు మళ్ళారు. పైగా వాల్కోకు యజమాని ఒకరు కాదు. మేసీస్, సియర్స్, జేసీ పెన్నీ లాంటి పెద్ద దుకాణాల భాగాలు ఒకరివి, మధ్య నడవా మరొకరిది. ఒకరు మరమ్మతు చేద్దామంటే ఇంకొకరు కలిసివచ్చేవారు కాదు. 2007లో కొత్త సినిమా హాళ్ళు తెరిచారు. మరుసటి ఏడాదే మాల్ యాజమాన్యం దివాలా తీసింది. శాండ్ హిల్ ప్రాపర్టీ అనే స్థానిక రియల్ ఎస్టేట్ సంస్థ 2014లో ముక్కలన్నీ కొని ఒక్క చేతి కిందికి తెచ్చింది. 2015లో మేసీస్, సియర్స్ మూతపడ్డాయి. తర్వాత జేసీ పెన్నీ వంతు వచ్చింది. 2018 మార్చిలో సినిమా హాళ్ళూ ఆగిపోయాయి.

కొత్త యజమాని మొదటి ప్రతిపాదనలో 20 లక్షల చదరపు అడుగుల ఆఫీసులు, దుకాణాలు, కొన్ని వందల అపార్ట్‌మెంట్లు, వాటన్నిటి పైన 30 ఎకరాల పైకప్పు తోట ఉన్నాయి. ఊరు రెండుగా చీలింది. 2016 నవంబరులో రెండు ప్రశ్నలు ఓటుకు వచ్చాయి. నివాసుల సంఘం తెచ్చిన ‘సి’ ప్రతిపాదన వాల్కోను వ్యాపారానికే పరిమితం చేయాలంది, ఎత్తు 45 అడుగులు దాటకూడదంది. బిల్డర్ తెచ్చిన ‘డి’ ప్రతిపాదన పైకప్పు తోట ప్లానును ఆమోదించమంది. ఓటర్లు రెండిటినీ తిరస్కరించారు.

నివాసుల భయాలను ‘మా పక్కన వద్దు’ అనే స్వార్థంగా కొట్టిపారేయడం అన్యాయం. అందులో లెక్కకు నిలిచేవీ ఉన్నాయి, నిలవనివీ ఉన్నాయి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఆఫీసుల మీద. 2018 ప్లానులో 18 లక్షల చదరపు అడుగుల ఆఫీసు స్థలం, 2,402 ఇళ్ళు ఉన్నాయి. ఒక్కో ఉద్యోగికి 200 చదరపు అడుగులు వేసుకున్నా 9 వేల మంది అవుతారు. ఒక్కో ఇంట్లో ఇద్దరు ఉద్యోగులు ఉంటారనుకున్నా సుమారు 4,800 మందికే సరిపోతుంది. అంటే ఇళ్ళ కొరత తీర్చడానికి వచ్చిన కట్టడమే నాలుగు వేలమందికి పైగా కొత్తగా ఇళ్ళు వెతుక్కునేలా చేస్తుంది. సగటు ఇంటి ధర 20 లక్షల డాలర్లు దాటిన ఊళ్ళో ఇది చిన్న మాట కాదు. ఇళ్ళు కావాలనేవాళ్ళు కూడా ఈ లెక్కకు సరైన జవాబు ఇవ్వలేదు.

రెండోది రాకపోకల సంగతి. కూపర్టినోలో రైలు స్టేషను లేదు. స్టీవెన్స్ క్రీక్ మీద 23, 523 నంబరు బస్సులు తిరుగుతాయి. మిగతా భారమంతా కార్ల మీదే. సాయంత్రం పూట వోల్ఫ్ రోడ్డు దగ్గర ఫ్రీవే ఎక్కాలంటే సిగ్నలు రెండుసార్లు మారేదాకా ఆగవలసి రావడం అక్కడివారికి అలవాటే. ఈ భయం నిజమైనదే. కానీ దానికి ఇళ్ళ కంటే ఆఫీసులే ఎక్కువ కారణం. పనికి దగ్గరగా ఇల్లు దొరికినవాడు ఫ్రీవే ఎక్కనవసరం లేదు, యాపిల్ పార్క్ అక్కడికి నడిచిపోయేంత దూరమే.

మూడోది బడులు. చాలా కుటుంబాలు కూపర్టినోకు వచ్చేదే బడుల కోసం. తరగతి గదులు నిండిపోతాయనే మాట ప్రతి సమావేశంలోనూ వినిపించేది. ఇది లెక్కకు నిలవలేదు. ఇళ్ళ ధరలు భరించలేక చిన్న పిల్లలున్న జంటలు వేరే ఊళ్ళకు పోవడంతో కూపర్టినో యూనియన్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పిల్లల సంఖ్య ఏటికేడు తగ్గుతూ వచ్చింది. 2022లో కొన్ని ప్రాథమిక పాఠశాలలు మూసేశారు. చట్టం కూడా ఈ వాదనకు తావివ్వదు. బిల్డర్ నిర్ణీత రుసుము చెల్లిస్తే, బడుల మీద భారం పడుతుందనే కారణంతో కట్టడాన్ని ఆపకూడదని కాలిఫోర్నియా 1998లోనే నియమం పెట్టింది.

నాలుగో సంగతి బయట ఎక్కువగా వినిపించదు గానీ ఊరి జమాఖర్చులకు ఇదే ముఖ్యం. కాలిఫోర్నియాలో 1978 నుంచి ఆస్తి పన్ను కొన్నప్పటి ధర మీద లెక్కిస్తారు. ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెరగడానికి వీల్లేదు. అందుకే పట్టణాలు అమ్మకపు పన్నులో తమకొచ్చే వాటా మీద ఆశ పెట్టుకుంటాయి. దుకాణాలు పోతే ఆ వాటా పోతుంది. మాల్ తగ్గి ఇళ్ళు పెరిగితే లైబ్రరీకి, పార్కులకు డబ్బు ఎక్కడిదని అడిగిన పెద్దవాళ్ళకు తమ ఊరి పద్దు బాగా తెలుసు. 2018 ప్లానులో దుకాణాలకు 4 లక్షల చదరపు అడుగులే మిగిలాయి.

ఇవి కాక నేల సంగతి ఉంది. సియర్స్, జేసీ పెన్నీ దుకాణాలకు ఒకప్పుడు కార్ల మరమ్మతు షెడ్లు ఉండేవి. అక్కడి మట్టిలోకి రసాయనాలు దిగాయన్న ఆందోళన కోర్టు దాకా వెళ్ళింది.

ఈ భయాలు ఎన్ని ఉన్నా, వాటిని తూచే అధికారం 2018లో ఊరి చేతిలోంచి జారిపోయింది. సెనేటర్ స్కాట్ వీనర్ ప్రవేశపెట్టిన ఎస్‌బీ 35 చట్టం ఆ ఏడాది జనవరిలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం, రాష్ట్రం పెట్టిన ఇళ్ళ లక్ష్యాన్ని అందుకోని ఊళ్ళలో, నిబంధనలన్నీ పాటించిన ప్లానును సిటీ కౌన్సిల్ తన ఇష్టాయిష్టాలతో ఆపడానికి లేదు. కట్టడంలో మూడింట రెండు వంతులు ఇళ్ళు ఉండాలి. ఊరు ఎంత వెనకబడిందన్న దాన్ని బట్టి, ఇళ్ళలో కొన్ని తక్కువ ఆదాయం వారికి కేటాయించాలి. ఆ మార్చిలోనే బిల్డర్ కొత్త ప్లాను దాఖలు చేశాడు. 2,402 ఇళ్ళలో సగం, అంటే 1,201, తక్కువ ఆదాయం వారికి. సెప్టెంబరులో సిటీ ఆఫీసు అనుమతి ఇచ్చింది.

అదే నెలలో కౌన్సిల్ ఇంకో దారి కూడా తెరిచింది. బిల్డర్‌తో మాట్లాడి, ఆఫీసులు ఎక్కువ ఇచ్చినందుకు బదులుగా ఊరికి కొత్త సిటీ హాలు, కళా ప్రదర్శనశాల, బడులకు సాయం దక్కే ఒప్పందాన్ని ఆమోదించింది. ఇష్టపడనివారు సంతకాలు సేకరించి దాన్ని ఓటుకు పెట్టాలన్నారు. నవంబరు ఎన్నికల్లో ఊరు నెమ్మదిగా పెరగాలనే వర్గం కౌన్సిల్‌లో బలపడింది. 2019లో ఆ ఒప్పందాన్ని కౌన్సిలే రద్దు చేసింది. అనుమతి చెల్లదంటూ నివాసుల సంఘం వేసిన దావాలో, మూడింట రెండు వంతుల లెక్క ఎలా కట్టాలి, ఆ నేల చట్టం కిందికి వస్తుందా అనే ప్రశ్నలు లేవనెత్తారు. 2020 మేలో శాంటా క్లారా కౌంటీ సుపీరియర్ కోర్టు సిటీ ఇచ్చిన అనుమతి సరైనదేనని తీర్పు చెప్పింది.

నివాసులకు ఈ వ్యవహారంలో జరిగిన అసలు నష్టం ఇక్కడే ఉంది. బేరమాడితే సిటీ హాలో, బడులకు డబ్బో, తక్కువ ఎత్తో కొంతైనా దక్కేది. ఏదీ వద్దన్నందుకు 22 అంతస్తుల ప్లానే మిగిలింది. దాని మీద అడగడానికి ఏ హక్కూ మిగల్లేదు. రెండు ప్రతిపాదనలనూ తోసిపుచ్చిన 2016 ఓటుతో ఊరు తనకేం వద్దో చెప్పింది, ఏం కావాలో చెప్పలేదు. బిల్డర్ వైపూ తప్పు లేకపోలేదు. ఇళ్ళ పేరుతో చట్టాన్ని వాడుకుని, ఆఫీసులను మాత్రం ఎప్పుడూ వదులుకోలేదు. 2024 ఫిబ్రవరిలో సవరించిన ప్లానుకు అనుమతి వచ్చింది. ఇళ్ళు 2,669కి పెరిగాయి, ఆఫీసులు 19.5 లక్షల చదరపు అడుగులకు పెరిగాయి. తక్కువ ఆదాయం వారి ఇళ్ళు మాత్రం 1,201 నుంచి 890కి తగ్గాయి. అదే ఊళ్ళో పాఠాలు చెప్పే టీచర్లు, హోటళ్ళలో వంట చేసేవారు దూరాల నుంచి కార్లలో వస్తుండగా, వారికోసం చెప్పిన ఇళ్ళే ముందుగా కోతకు గురయ్యాయి. ఈ మార్పు సమర్థించుకోలేనిది.

కూల్చివేత మొదలై ఆరేళ్ళు దాటాక, 2025 మొదటికి కూడా వాల్కోలో ఒక్క కుటుంబం గృహప్రవేశం చేయలేదు. అటు కూపర్టినో మీద భారం పెరిగింది. 2015–2023 కాలానికి 1,064 ఇళ్ళ లక్ష్యం పెట్టిన రాష్ట్రం, 2023–2031 కాలానికి 4,588 ఇళ్ళు చూపమంది. అన్ని ఇళ్ళూ వాల్కోలో పట్టవు. స్టీవెన్స్ క్రీక్ పొడవునా ఉన్న చిన్న అంగళ్ళ సముదాయాల మీద అపార్ట్‌మెంట్ల ప్లానులు రావడం తప్పదు. వాటిలో కొన్ని మనవాళ్ళు పచారీ సామాను కొనుక్కునే దుకాణాలు, ఆదివారం టిఫిన్లకు చేరే హోటళ్ళు.

కూపర్టినో, సన్నీవేల్ వీధుల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారిలో ఎంతోమంది వీసా మీద ఉంటూ అద్దె కడుతున్నవారు. 2016లో వారికి ఓటు లేదు, ఇప్పటికీ చాలామందికి లేదు. అయితే 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో కౌన్సిల్, ప్లానింగ్ కమిషన్ సమావేశాల్లో ఎవరైనా మాట్లాడవచ్చు. పౌరసత్వం అడగరు. దుకాణం కావాలో, ఇల్లు కావాలో, రెండూ ఎంతెంత కావాలో అద్దెకున్నవారి నోట వినే అవసరం ఆ ఊరికి ఉంది. మీ వీధి చివర అంగళ్ళ స్థలానికి కొత్త ప్లాను వచ్చిందన్న నోటీసు కనబడితే, దాన్ని చదవండి. ఆ సాయంత్రం వెళ్ళి మాట్లాడండి.