ఆపా సైకిలు

మా ఇంట్లో మొదటి సైకిలు ఆపాది. ఆరో జమాత్‌లో అవ్వల్ వచ్చిందని అబ్బా ఎక్కడో బేరమాడి పాత లేడీస్ సైకిలొకటి తెచ్చాడు. రెండేళ్లు ఆపా దాని మీదే మా ఉర్దూ మీడియం బడికి పోయింది. వెనక క్యారియర్ మీద నేను. ఎనిమిదో జమాత్‌కి వచ్చేసరికి దాదీమా ఒక్క మాటంది: "అబ్ నక్కో." అంతే. ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు. మర్నాడు పొద్దున అబ్బా తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి ఆపా నడిచి పోయేది. నేను ఆ సైకిలు మీదే ఆమెని దాటుకొని పోయేవాణ్ణి. బెల్లు కూడా కొట్టేవాణ్ణి.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, నిరుడు మా అమ్మాయి ఇంటర్ పాసై, ఏం కావాలి బేటా అని అడిగితే బంగారం అడగలేదు, ఫోను అడగలేదు. "లద్దాఖ్ పోదాం అబ్బూ. ఖర్దుంగ్‌లా మీంచి సైకిల్ మీద దిగుతా" అంది. నేను "చూద్దాం లే" అన్నాను. మా ఇంట్లో చూద్దామంటే లేదని అర్థం. వాళ్ల అమ్మీకీ తెలుసు, పిల్లకీ తెలుసు. ఈ ఖబర్ ఎలా చేరిందో ఆపాకి చేరింది. రాత్రి ఇషా నమాజ్ అయ్యాక ఫోన్ చేసింది.

"క్యా రే, పిల్లని వద్దన్నావంట?"

"వద్దనలేదు ఆపా, చూద్దామన్నా."

"నా సైకిలు నీ దగ్గర అమానత్ ఉంది, యాదున్నదా? ఖర్చు సగం నేను పెడతా. తీస్కపో."

ముప్పయ్యేళ్లలో ఆపా ఆ సైకిలు మాట ఎత్తడం అదే మొదటిసారి. ఆమె మరిచిపోయిందనుకున్నాను. మరిచిపోయింది నేను.

ఆగస్టులో పోయాం. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. విమానం దిగిన మొదటి రెండు రోజులు ఏ పనీ చేయకుండా పడుండాలని అందరూ చెబుతారు. ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటు పడక ముందే ఇంకా పైకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. తల నొప్పెట్టేది, మొదటి రోజా నాడు చాయ్ లేక నొప్పెట్టినట్టు. సాయంత్రాలు మాత్రం మెల్లగా బజారులో తిరిగాం. 17వ శతాబ్దపు జామా మసీదు, దాని ముందు కూరగాయలు అమ్ముకునే ఆడవాళ్లు, వెనక కొండ మీద రాజుల పాత మహల్. అక్కడక్కడా దుకాణాల మీద ఉర్దూ బోర్డులు. మా అమ్మాయిది ఇంగ్లిష్ మీడియం. "అబ్బూ, అదేం రాసుంది? అబ్బూ, ఇదేం రాసుంది?" అని అడుగుతుంటే నేను గడగడా చదివి చెప్పాను. తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు పేపర్లో బతుకుతూ, ఉర్దూ చదవడం వచ్చినందుకు ఇంత ఖుషీ ఎప్పుడూ పడలేదు. దాంతోపాటే కొంచెం షరం కూడా. ఆ హర్ఫులు పిల్లకి నేర్పనిది నేనే కదా.

ఆ కొండల్లో సైకిళ్లు తిరిగే బాటల్లో చాలా వరకు సైకిళ్ల కోసం వేసినవి కావు. లేహ్ ఒకప్పుడు కారవాన్ల జంక్షను. ఇక్కణ్ణించి గుర్రాలూ ఒంటెలూ ఖర్దుంగ్‌లా దాటి, నుబ్రా లోయ దాటి, కారకోరం కనుమ మీదుగా యార్కండ్ దాకా పోయేవి. పష్మీనా, పట్టు, తివాచీలు, మసాలాలు అటూ ఇటూ నడిచేవి. 1949లో చైనా వైపు దారి మూసుకున్నాక ఆ తిజారత్ ఆగిపోయింది. అలా వచ్చిన ముస్లిం సౌదాగర్లు కొందరు ఇక్కడి ఆడవాళ్లని నికా చేసుకొని ఉండిపోయారు. వాళ్ల సంతానాన్నే ఇక్కడ అర్గోన్లంటారు. గుర్రాల వెంట నడిచిన లేహ్ పేద పిల్లవాడు గులాం రసూల్ గల్వాన్, గోరా సాహెబుల దగ్గర పనిచేస్తూ నేర్చుకున్న ఇంగ్లిష్‌లో తన కథ రాసుకుంటే 1923లో పుస్తకంగా వచ్చింది. గల్వాన్ నదికి ఆయన పేరే. ఆ గుర్రాల దారులూ, మేకల కాపరుల పగ్‌దండీలూ, ఊరికీ ఊరికీ మధ్య ఒక్క మనిషి పట్టే బాటలూ, ఇవే ఇవాళ మౌంటెన్ బైకర్ల రాస్తాలు. షామ్ వైపు లికిర్ నుంచి తెమిస్‌గామ్ దాకా ఇట్లాంటి బాటలున్నాయి. దారిలో రాళ్ల మీద బౌద్ధ మంత్రాలు చెక్కిన పొడవాటి మణి గోడలు వస్తాయి. సైకిల్ మీదున్నా సరే, గోడ మన కుడిచేతి వైపు ఉండేట్టు పోవాలి. అది వాళ్ల అదబ్.

మూడో రోజు సింధు ఒడ్డున లేహ్ నుంచి తిక్సే వైపు ప్రాక్టీస్. గైడు పాతికేళ్ల లద్దాఖీ కుర్రాడు. ఏం చెప్పినా ముందు "జూలే" అనేవాడు, చెప్పాక నవ్వేవాడు. ముందు సీటు బాగా కిందికి దించాడు. దిగేటప్పుడు సీటు మీద కూర్చోవద్దు, రెండు పెడళ్లూ సమంగా పెట్టి నిలబడాలి, ఒంటి బరువు కొంచెం వెనక్కి ఉంచాలి అన్నాడు. రాయిని చూస్తే చక్రం రాయి మీదికే పోతుంది, పోవాల్సిన చోటునే చూడాలి అన్నాడు. బ్రేకు ఎడతెగకుండా నొక్కి పట్టొద్దు, డిస్కు కాగిపోతే అసలు అవసరమప్పుడు పట్టదు, పట్టి వదలాలి, పట్టి వదలాలి అన్నాడు. మా అమ్మాయి పది నిమిషాల్లో పట్టేసింది. నేను రాయినే చూశాను, రాయి మీదికే పోయాను, మోచెయ్యి గీరుకుపోయింది.

నాలుగో రోజు ఫజర్ చదువుకొని బయల్దేరాం. సైకిళ్లు జీపు మీద, మేము లోపల. ఖర్దుంగ్‌లా మీద పాత బోర్డు లెక్క 18,380 అడుగులు. జీపీఎస్‌తో కొలిస్తే 5,359 మీటర్లే. లెక్క తగ్గినా గాలి పెరగదు కదా. సముద్రం ఒడ్డున దొరికే ఆక్సిజన్‌లో దాదాపు సగమే అక్కడ. రంగు రంగుల ప్రార్థనా జెండాలు గాలికి పటపటా కొట్టుకుంటున్నాయి. బోర్డు పక్కన ఫొటోల కోసం జనం లైన్ కట్టారు. నేను జీపు దిగి నాలుగడుగులు వేశానో లేదో కడుపులో తిప్పి, రోడ్డు పక్కన కక్కేశాను. తల రెండుగా పగులుతున్నట్టుంది.

గైడు నా వేలికి ఆక్సీమీటరు పెట్టాడు. గీత గీసినట్టు మడమ ముందు మడమ పెట్టి నడవమన్నాడు. తిన్నగానే నడిచాను. అయినా తల అడ్డంగా ఊపాడు. "సర్, మీరు జీపులో. ఇప్పుడే దిగాలి. తలనొప్పి, వాంతి రెండూ ఉంటే సైకిల్ లేదు." తరువాత మా అమ్మాయిని అలాగే నడిపించాడు. ఆమె మా బడి గ్రౌండులో కవాతు చేసినట్టు నడిచింది. ఆక్సీమీటరు చూసి "మేడమ్ ఠీక్ హై" అన్నాడు.

అప్పుడు ఆమె నా మొహం చూసింది. అడగలేదు. హెల్మెట్ పట్టీ చేతిలోనే ఉంది, ఇంకా బిగించుకోలేదు. ముందు 40 కిలోమీటర్ల దిగుడు. సౌత్ పుల్లూ చెక్‌పోస్టు దాకా మంచు నీళ్లకి తారు లేచిపోయిన చోట్లు, కంకర, ఎదురుగా ట్రక్కులు, పక్కన లోయ. నేను వెంట లేను. సచ్ చెప్పాలంటే నా నాలుక మీద దాదీమా మాటే ఉంది. నక్కో. అది ఎంత సులువైన మాటో అప్పుడు అర్థమైంది. దాదీమా దుష్టురాలు కాదు. ఆమెకీ ఇట్లాగే కడుపులో తిప్పి ఉంటుంది.

"ఆస్తే జా బేటీ" అన్నాను. "బ్రేకు పట్టి వదులు."

బిస్మిల్లా అని ఆమె కదిలింది. గైడు ముందు, ఆమె మధ్యలో, వెనక మా జీపు. డ్రైవరు లేహ్ ముస్లిమే, యాభై దాటినాయన. నా వణుకు చూసి డ్యాష్‌బోర్డులోంచి గుప్పెడు ఎండు ఖుబానీలు తీసి ఇచ్చాడు. మా షాదీల్లో ఖుబానీ కా మీఠా లేకుండా దావత్ పూర్తవదు, కాని ఆ పండు చెట్టు ఎట్లా ఉంటుందో నాకు నలభయ్యేళ్లు దాటాక అక్కడే తెలిసింది. ఒకటి నోట్లో పెట్టుకొని చప్పరిస్తూ, ఆయతుల్ కుర్సీ చదువుకుంటూ, మలుపు మలుపుకీ అద్దంలోంచి ఆమె పసుపు జాకెట్ కోసం వెతికాను. మలుపు తిరిగితే కనబడకుండా పోయేది. మా జీపూ తిరిగాక మళ్లీ కనబడేది. ఒకచోట నీళ్లు రోడ్డుకి అడ్డంగా పారుతున్నాయి. చక్రం జారింది. నేను సీట్లోంచి లేచాను. ఆమె ఒక కాలు కింద పెట్టి, నిలదొక్కుకొని, వెనక్కి చూడకుండా మళ్లీ పోయింది.

"జనాబ్, ఆప్ కీ బేటీ రాస్తా దేఖ్‌తీ హై, పత్థర్ నహీ" అన్నాడు డ్రైవరు.

సౌత్ పుల్లూ దాటేసరికి నా తల తేలికైంది. ఎత్తు తగ్గడం కంటే మంచి దవా లేదంటారు, నిజమే. కింద గంగ్లెస్ ఊరి పచ్చదనం, సన్నటి పోప్లార్ చెట్లు కనబడ్డాయి. మేము ఆగిన చోట ఆమె సైకిల్ దిగి వచ్చింది. మొహం నిండా దుమ్ము, పెదాలు పగిలి ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగట్లేదు. చేతులు చూపించింది. బ్రేకు పట్టీ పట్టీ వేళ్లు వంకర్లు పోయాయి. ఆ వేళ్లని నా రెండు చేతుల్లో పెట్టుకొని రుద్దాను.

మొత్తానికి నేను ఖర్దుంగ్‌లా సైకిల్ మీద దిగలేదు. చిన్నప్పటిలాగే వెనక కూర్చొని వచ్చాను.

లేహ్ చేరగానే పిల్ల ఆపాకి వీడియో కాల్ చేసి సైకిల్‌ని చక్రం నుంచి చక్రం దాకా చూపించింది. ఇవి గేర్లు ఫూఫీ, ఇది సస్పెన్షన్, ఇది డిస్కు బ్రేకు. ఆపా కళ్లద్దాలు పైకి జరుపుకొని అంతా చూసింది. మాషా అల్లా, మాషా అల్లా అంది. చివరికి అడిగింది:

"సబ్ ఠీక్ హై. ఇస్కో బెల్ కిధర్ హై?"

మౌంటెన్ బైకులకి బెల్లు ఉండదు ఫూఫీ అని పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆపా స్క్రీన్‌లోంచి నన్నే చూస్తోంది. ఆమె మొహంలో కోపం లేదు. "మాఫ్ కర్నా ఆపా" అన్నాను, ఎందుకో పిల్లకి అర్థం కాలేదు. ఆపా "చల్ హట్, ముందు ఏదన్నా తిను" అని ఫోన్ పెట్టేసింది.