మా ఊరి సీపీఏ పన్ను, ఒక ఎకరం స్థలం

మసాచుసెట్స్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో ప్రాపర్టీ టాక్స్ బిల్లుని చివరిదాకా చదివేవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే. చదివితే మాత్రం చాలా ఊళ్ళ బిల్లుల్లో కింద ఓ చిన్న లైను కనిపిస్తుంది: సీపీఏ సర్‌చార్జ్. పెద్ద మొత్తమేమీ కాదు. ఎస్క్రోలోంచి బాంకువాడే కట్టేస్తాడు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఇవాళ్టి నా గోలంతా ఆ లైను గురించే.

సీపీఏ అంటే కమ్యూనిటీ ప్రిజర్వేషన్ యాక్ట్. (మనవాళ్ళకి సీపీఏ అనగానే ఏప్రిల్ నెలలో టాక్సులు ఫైలు చేసిపెట్టే ఆయన గుర్తొస్తాడు. ఆయనకీ దీనికీ సంబంధం లేదు.) 2000 సెప్టెంబరు 14న అప్పటి గవర్నర్ పాల్ సెలూచి సంతకం పెట్టిన చట్టం ఇది. రాష్ట్రం బలవంతం ఏమీ లేదు, ఊరి ఓటర్లు బాలెట్‌లో ఒప్పుకుంటేనే ఆ ఊళ్ళో అమలవుతుంది. ఒప్పుకుంటే ఆస్తి పన్ను మీద 3 శాతం దాకా అదనంగా వేసుకోవచ్చు. ఆస్తి విలువలో 3 శాతం కాదు సుమా, కట్టే పన్నులో 3 శాతం. పైగా చాలా ఊళ్ళు ఇంటి విలువలో మొదటి లక్ష డాలర్లనీ వదిలేస్తాయి. లెక్క వేద్దాం: ఇల్లు 7 లక్షల డాలర్లు, పన్ను వెయ్యికి 12 డాలర్లు అనుకోండి. లక్ష తీసేస్తే 6 లక్షల మీద పన్ను 7,200. అందులో 3 శాతం అంటే ఏడాదికి 216 డాలర్లు. మనం వాడని స్ట్రీమింగ్ చానెళ్ళకి ఇంతకంటే ఎక్కువే కడుతున్నాం.

ఈ డబ్బుతో ఊరు ఏం చెయ్యచ్చో చట్టంలోనే రాసి ఉంది. ఖాళీ స్థలాలు కాపాడటం, పాత కట్టడాలు నిలబెట్టటం, అఫర్డబుల్ ఇళ్ళు, ఈ మూడింటికీ ఏటా కనీసం 10 శాతం చొప్పున ఖర్చుపెట్టాలి, లేదా విడిగా తీసిపెట్టాలి. మిగిలింది వీటిలో దేనికైనా, లేదా పార్కులకీ ఆటస్థలాలకీ వాడుకోవచ్చు. "ఆ డబ్బేదో స్కూలుకే ఇవ్వచ్చుగా" అని ప్రతివాడూ అంటాడు. ఇవ్వకూడదు. టీచర్ల జీతాలకీ, రోడ్ల గుంతలకీ ఇది పనికిరాదు. చివరికి ఆటస్థలంలో ప్లాస్టిక్ గడ్డి పరచటానికి కూడా వాడకూడదని 2012లో సవరణ తెచ్చారు.

రాష్ట్రం కూడా ఒక చెయ్యి వేస్తుంది. రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లో ఎవరు ఏ దస్తావేజు నమోదు చేసినా కొంత రుసుము (మొదట్లో 20 డాలర్లు ఉండేది, 2019 చివర్లో 50 చేశారు) ఒక నిధిలోకి పోతుంది. అందులోంచి సీపీఏ ఊళ్ళకి ఏటా పంచుతారు. చేరిన ఊళ్ళు తక్కువున్న రోజుల్లో ఊరు వేసిన ప్రతి డాలరుకీ రాష్ట్రం ఇంకో డాలరు ఇచ్చింది. ఊళ్ళు పెరిగాయి, ఇళ్ళ అమ్మకాలు పడిపోయాయి, 2008 నుంచీ ఆ వాటా తగ్గుతూ 2018 నాటికి డాలరుకి 20 సెంట్ల దగ్గరికి దిగజారింది. రుసుము పెంచింది అందుకే. ఇందులో నాకు నచ్చని విషయం ఒకటుంది. రుసుము రాష్ట్రంలో అందరూ కడతారు, వాటా చేరిన ఊళ్ళకే వస్తుంది. మొదట్లో చేరినవాటిలో కలిగిన ఊళ్ళే ఎక్కువ. బోస్టన్ 2001లో కాదని, 2016లో గానీ ఒప్పుకోలేదు. అంటే అన్నేళ్ళూ అక్కడ ఇల్లు కొన్నవాడు కట్టిన రుసుము ఎక్కడో శివారు ఊళ్ళో చెట్ల మధ్య నడకదారికి వెళ్ళిందన్నమాట. ఇప్పుడు 351 ఊళ్ళలో సగానికి పైగా చేరాయి కాబట్టి ఆ మాట కొంత పాతబడింది.

సరే, అసలు విషయం ఇళ్ళు. "అఫర్డబుల్ హౌసింగ్" అనగానే మనవాళ్ళ మొహాల్లో ఒక మార్పు వస్తుంది, గమనించారా? ఏ సినిమాలోనో చూసిన పాడుబడ్డ అపార్ట్‌మెంట్లు కళ్ళముందు మెదులుతాయి కాబోలు. ఇక్కడ లెక్క వేరు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉంటే తక్కువ ఆదాయం, 100 శాతం దాకా మధ్యతరగతి. సీపీఏ డబ్బు ఈ ఇద్దరికీ వాడచ్చు. బోస్టన్ చుట్టుపక్కల నలుగురున్న కుటుంబానికి 2024లో ఆ 80 శాతం అంటే దాదాపు 1,30,000 డాలర్లు. అక్షరాలా లక్షా ముప్ఫై వేలు. భార్య ఉద్యోగం వెతుక్కుంటూ, ఇద్దరు పిల్లలతో, కన్సల్టింగ్ కంపెనీ ఇచ్చే జీతంతో నెట్టుకొస్తున్న మనవాళ్ళు చాలామంది ఆ గీతకి కిందే ఉంటారు. ఆ మాట చెబితే ఎవరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

మా ఊళ్ళో ఇళ్ళకి జోనింగ్ ఒక ఎకరం. అంటే ఒక ఎకరంలో ఒకటే ఇల్లు. కాబట్టి ఇంటి ధరలో సగం పైన నేలదే. ఇల్లు కట్టటానికి గ్రాంటులున్నాయి, టాక్స్ క్రెడిట్లున్నాయి, కట్టిపెట్టే లాభాపేక్ష లేని సంస్థలున్నాయి. లేనిది స్థలం. ఉన్న స్థలం కూడా ఎలా పోతుందో చెబుతాను. లైబ్రరీ వెనక ఎకరం పైచిలుకు స్థలంలో 1950ల నాటి చిన్న ఇల్లు ఉండేది. పెద్దాయన పోయాక పిల్లలు అమ్మకానికి పెట్టారు. నడిచివెళ్ళే దూరంలో స్కూలు, బస్సు, కిరాణా. నాలుగు కుటుంబాలకి ఇళ్ళు కట్టటానికి అంతకంటే మంచి చోటు ఊళ్ళో లేదు. ఊరికి ఆసక్తి ఉంది, సీపీఏ ఖాతాలో డబ్బూ ఉంది. కానీ ఆ డబ్బు కదలాలంటే ముందు కమ్యూనిటీ ప్రిజర్వేషన్ కమిటీ సిఫారసు చెయ్యాలి, తరవాత టౌన్ మీటింగ్‌లో ఊరు ఓటెయ్యాలి. టౌన్ మీటింగ్ ఇంకా అయిదు నెలలుంది. అమ్మేవాళ్ళకి నలభై అయిదు రోజుల్లో డబ్బు కావాలి. బిల్డర్ వచ్చాడు, రొక్కం ఇచ్చాడు, పాత ఇల్లు కూల్చాడు, అయిదు బెడ్‌రూముల ఇల్లు లేపాడు. మూడు కార్ల గరాజు.

మన భాషలో చెప్పాలంటే ఇది డబ్బు సమస్య కాదు, లేటెన్సీ సమస్య. దీనికి చట్టంలోనే మందుంది. 2005లో వచ్చిన ఇంకో చట్టం ప్రకారం ఊళ్ళు హౌసింగ్ ట్రస్టు పెట్టుకోవచ్చు. సీపీఏ డబ్బులో కొంత ముందుగానే ట్రస్టులో వేసి ఉంచితే, స్థలం అమ్మకానికి వచ్చినప్పుడు ట్రస్టీలు కూర్చుని కొనేస్తారు, మళ్ళీ టౌన్ మీటింగ్ దాకా ఆగక్కర్లేదు. ట్రస్టులో వేసినా ఆ డబ్బు సీపీఏ ఒప్పుకునే పనులకే వాడాలి. కేంబ్రిడ్జ్ అయితే మొదటినుంచీ తన సీపీఏ డబ్బులో 80 శాతం ఇళ్ళకే ఇస్తోంది, మిగతా రెండింటికీ చెరో 10. శివారు ఊళ్ళకి అంత ధైర్యం ఎక్కడిది?

ముందు స్థలం చేతికి వస్తే తరవాత తీరిగ్గా కొట్టుకోవచ్చు. లెక్సింగ్టన్ 2009లో బూసా ఫార్మ్ అనే దాదాపు 8 ఎకరాల పొలాన్ని సీపీఏ డబ్బుతో కొంది. ఆటస్థలం చెయ్యాలా, ఇళ్ళు కట్టాలా, పొలంగానే ఉంచాలా అని ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. చివరికి ఎక్కువ భాగం ఊరి పొలంగా మిగిలింది, లోవెల్ స్ట్రీట్ వైపు చిన్న ముక్కలో కొన్ని అఫర్డబుల్ ఇళ్ళు వచ్చాయి. ఇళ్ళకి అంత తక్కువ స్థలమేనా అంటే నేనూ అదే అంటాను. కానీ ఆ వాదన జరగటానికి కనీసం స్థలం ఊరి చేతిలో ఉంది కదా.

మా ట్రస్టులో 5 లక్షల డాలర్లు వెయ్యాలన్న ఆర్టికల్ పోయిన వసంతంలో టౌన్ మీటింగ్‌కి వచ్చింది. నేనూ వెళ్ళాను. ఓటర్లు కానివాళ్ళని పక్కకి వేరే వరసలో కూర్చోబెడతారు. హెచ్1, గ్రీన్‌కార్డు క్యూ, ఇల్లు, పన్ను, అన్నీ ఉన్నాయి, ఓటు ఒక్కటే లేదు. ఇదే విషయం మీద 1773లో బోస్టన్ జనాలు టీ పెట్టెలు సముద్రంలో పారేశారు. మా ఇంట్లో టీ పొడి ఖరీదైనది, పారెయ్యలేను :-)

స్కూల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి తోడుగా ఉండే ఆవిడ ఒకామె లేచింది. ఊరిమనిషి కాదు కాబట్టి మోడరేటర్ సభ అనుమతి తీసుకుని మాట్లాడనిచ్చాడు. రోజూ న్యూహాంప్‌షైర్ నుంచి వస్తుందట, మంచు పడినరోజు గంటన్నర. మా పిల్లాడి బడిలోనే పనిచేస్తుంది, నాకు అంతవరకూ తెలీదు. ఇలాంటి ఇళ్ళకి లాటరీ తీసేటప్పుడు 70 శాతం దాకా ఇళ్ళని స్థానికులకీ, ఊళ్ళో పనిచేసేవాళ్ళకీ కేటాయించుకునే వీలుంది, అంటే ఆవిడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. తరవాత ఇంకొకాయన లేచి, ఏ స్థలమో చెప్పకుండా 5 లక్షలు ఇవ్వటమంటే ఖాళీ చెక్కు రాసివ్వటమే అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఏ స్థలమో ముందే సభలో చెప్తే ఆ స్థలం ధర ఏమవుతుందో ఆయనకీ తెలుసు.

హాల్లో తెలుగు మొహాలు ఓటర్ల వైపు నాలుగు లెక్కపెట్టాను. ఊళ్ళో మన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, సిటిజన్లు అయినవాళ్ళే ముప్ఫై పైన ఉంటారు. ఉగాదికి పచ్చడి పంచటానికి అందరూ వస్తారు.

అంతకుముందు వారం ఒక మిత్రుడితో దీనిమీద పెద్ద వాదనే అయింది. "అది కాదు బాస్, స్కూలు రేటింగ్ చూసే కదా ఇంత పోసి కొన్నాం. ఇప్పుడు ఇవన్నీ కడితే క్లాసులో ఎంతమంది అవుతారు?" అన్నాడు. భయం అబద్ధం కాదు. కానీ నాలుగు ఇళ్ళకే స్కూలు నిండిపోతే, కూల్చి కట్టిన ప్రతి అయిదు బెడ్‌రూముల ఇంట్లోకీ ఇద్దరు పిల్లలతో దిగేది ఎవరు? మనమే. మనల్ని చూసి ఎవరూ క్లాసు నిండిందని అనలేదు. (అనుకునే ఉంటారు లెండి.) పైగా ఊళ్ళో అఫర్డబుల్ ఇళ్ళు 10 శాతం లేకపోతే, 1969 నాటి 40బి చట్టం పట్టుకుని బిల్డరే ఊరి జోనింగ్‌ని దాటి రెండొందల అపార్ట్‌మెంట్లకి అనుమతి తెచ్చుకోవచ్చు. అద్దె అపార్ట్‌మెంట్లయితే పాతిక శాతం అఫర్డబుల్ ఉన్నా మొత్తం అన్నిటినీ ఆ 10 శాతం లెక్కలో కలుపుతారు, మెట్రిక్ అంటే అదీ. ఎక్కడ, ఎన్ని అన్నది ఊరు నిర్ణయించుకోవాలంటే ఊరే కొనాలి.

అతని రెండో ప్రశ్న నాకు ఎక్కువ నచ్చింది. "అమ్మేటప్పుడు రేటు పెరగని ఇల్లు ఎవడు కొంటాడు?" సీపీఏ డబ్బుతో కొన్న స్థలం మీద శాశ్వతంగా ఆంక్ష రాయాలి. ఇల్లు అమ్మినా మళ్ళీ అర్హత ఉన్నవాళ్ళకే, పరిమితి దాటని ధరకే. మనకి ఇది మింగుడుపడదు. మనకి స్థలమంటే పెరిగేది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటితే ఇక్కడ బోస్టన్‌లో కూర్చుని వాట్సాప్‌లో పండగ చేసుకున్నాం. అక్కడ ప్రభుత్వమే తన స్థలాన్ని ఎవడెక్కువ పాడితే వాడికి అమ్మింది. ఇక్కడ ఊరు తన మీద తనే పన్ను వేసుకుని స్థలం కొని దాని ధర పెరగకుండా కట్టేస్తోంది. ఆంక్షలు మనకి కొత్తేం కాదు, పేదలకిచ్చిన అసైన్డ్ భూములు అమ్మకూడదని 1977లోనే చట్టం చేశాం. ఆ భూములు తరవాత ఎవరి చేతుల్లో తేలాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆంక్ష రిజిస్ట్రీలో దస్తావేజుకి అతుక్కునే ఉంటుంది. కొనేవాడి లాయరు, అప్పిచ్చే బాంకు, ఇద్దరూ చూస్తారు, చూడకుండా అమ్మకం జరగదు. ఎవడు కొంటాడు అన్నదానికి జవాబు, లాటరీకి వచ్చే దరఖాస్తులు. ఉన్న ఇళ్ళకంటే ఎప్పుడూ ఎక్కువే.

ఖాళీ చెక్కు అన్నాయన 5 లక్షలని రెండున్నరకి తగ్గించాలని సవరణ పెట్టాడు. సీపీఏలో టౌన్ మీటింగ్‌కి కమిటీ చెప్పినదాన్ని తగ్గించే హక్కుంది, కొట్టేసే హక్కుంది, పెంచే హక్కు మాత్రం లేదు. సవరణ 11 ఓట్ల తేడాతో నెగ్గింది. తగ్గించిన మొత్తం మాత్రం దాదాపు ఏకగ్రీవంగా పాసయింది, అందరూ చప్పట్లు కొట్టారు. నా మిత్రుడు సిటిజనే, ఆ రోజు ఆఫీసులో రిలీజ్ ఉందని రాలేదు. వచ్చి ఉంటే సవరణకే ఓటేసేవాడేమో, అదీ నిజమే.

మిగతా సగం వచ్చే ఏడాది అడుగుతామని కమిటీ వాళ్ళు అన్నారు. ఈలోగా పోస్టాఫీసు పక్క వీధిలో ముప్పాతిక ఎకరం అమ్మకానికి రాబోతోందని విన్నాను. ట్రస్టు దగ్గరున్న డబ్బు బయానాకి సరిపోతుంది, కొనటానికి చాలదు. మిగిలింది ఏదైనా బాంకు నుంచి సర్దుకోవచ్చా అని ట్రస్టీలు చూస్తున్నారు. వాళ్ళ సమావేశం నెలకోసారి, రెండో గురువారం సాయంత్రం ఏడింటికి. జూమ్‌లో కూడా పెడతారు, వినటానికి సిటిజన్ కానక్కర్లేదు.