నీళ్లు పడలేదట!

"అక్కడి నీళ్లు పడలేదండీ" అంటారు. అమెరికాలో చదువుకుంటున్న అమ్మాయికి జుట్టు రాలుతుంటే నీళ్లు పడలేదు. ఒళ్లొచ్చిందా, నీళ్లు పడలేదు. పొద్దెక్కినా మంచం దిగలేకపోతోందా, అదీ నీళ్ల చలవే. గుంటూరులో కూర్చుని షికాగో కుళాయి నీళ్ల మీద ఇంత ధీమాగా తీర్పు చెప్పే పెద్దవాళ్లు, పిల్ల రోజూ వేసుకోవాల్సిన థైరాయిడ్ బిళ్ల వేసుకుంటోందా లేదా అని మాత్రం ఒక్కనాడూ అడగరు. "తిన్నావా?" అంటారు. అక్కడితో ఆరోగ్యం సంగతి అయిపోతుంది.

నేను చెప్పబోయే అమ్మాయి ఇంటర్ రోజుల నుంచీ నా దగ్గరికే వస్తోంది. ఎమ్మెస్‌కని ఆగస్టులో షికాగో ప్రయాణం కట్టింది. ఒక్కోటి 23 కిలోలు దాటకూడని రెండు సూట్‌కేసులు. కుక్కర్ తీసేస్తే గోంగూర పచ్చడి పడుతుందా, కందిపొడి తీసేస్తే రగ్గు పడుతుందా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడ్డారు. యాంటీబయాటిక్ స్ట్రిప్పుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అవి నేను రాసినవి కావు, మేనమామ మందుల షాపులోంచి వచ్చినవి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఎజిత్రోమైసిన్ దాన్నేమీ చేయలేదు అని చెబితే, "ఉండనివ్వండి సార్, పిల్లకి ధైర్యంగా ఉంటుంది" అన్నాడాయన.

నేను రాసింది థైరాక్సిన్. మామూలుగా 90 రోజులకు సరిపడా మందులే వెంట తెచ్చుకోమంటారు అక్కడ. ఆ లోపే యూనివర్సిటీ డాక్టరుకు చూపించమని ఉత్తరం కూడా రాసిచ్చాను. జబ్బేమిటో, మోతాదెంతో, కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరేమిటో అన్నీ అందులో ఉన్నాయి. అది ఏ సాంబారు పొడి ప్యాకెట్టు అడుగున పడిందో ఆ దేవుడికే తెలియాలి.

నవంబరులో సీసా ఖాళీ అయింది. మందు ఆగింది. థైరాక్సిన్‌తో వచ్చిన చిక్కేమిటంటే, ఆపిన వారానికి కూడా ఒంట్లో దాదాపు సగం మిగిలే ఉంటుంది. రెండు మూడు వారాలు ఇట్టే గడిచిపోతాయి. "లేకపోయినా బాగానే ఉన్నానే" అనుకోవడానికి ఆ గడువు చాలు. తరవాత మొదలవుతాయి నీరసం, నిద్ర, మలబద్ధకం, పొడిబారిన చర్మం, దేని మీదా మనసు నిలవకపోవడం, చలి.

అవన్నీ వచ్చింది డిసెంబరులో. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే ఊళ్లో, మొదటి సెమిస్టర్ పరీక్షల ముందు, ఇల్లు విడిచి వచ్చిన ఏ పిల్లకైనా వీటిలో సగం ఉండనే ఉంటాయి. రూమ్మేట్లు కూడా "మొదట్లో అందరికీ ఇంతే, అలవాటైపోతుంది" అన్నారు. పాపం, వాళ్ల తప్పేం లేదు. బెంగా, థైరాయిడూ ఒకే వేషం కట్టుకుని వస్తాయి. రక్తపరీక్ష చేస్తే గానీ ఏది ఏదో తేలదు.

మరి చేయించుకోవచ్చుగా? "అక్కడ డాక్టరు గడప తొక్కితే వేల డాలర్లట!" ఎమర్జెన్సీకి పరిగెత్తితే నిజమే. కానీ వీళ్ల యూనివర్సిటీలోనే విద్యార్థుల వైద్యశాల ఉంది. దాని రుసుమూ, బీమా ప్రీమియమూ ఫీజుతో పాటే కట్టేశారు, వాళ్ల నాన్న ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పులోంచి. ఈ పిల్ల లైబ్రరీలో వారానికి 20 గంటలు పనిచేసేది. సెమిస్టర్ నడుస్తుండగా విద్యార్థి వీసా మీద అంతకు మించి చేయనివ్వరు. ఆ లైబ్రరీకి నడిచి వెళ్లేది వైద్యశాల గుమ్మం ముందు నుంచే. డబ్బు కట్టేసిన చోటికి, డబ్బవుతుందన్న భయంతో పోలేదు!

ఇంకో అబ్బాయి సంగతి ఇంకా ఘోరం. యూనివర్సిటీలో చేరగానే చేసిన రక్తపరీక్షలో క్షయ క్రిములు లోపల నిద్రపోతున్నాయని తేలింది. నాలుగు నెలలు రిఫాంపిసిన్ వేసుకుంటే పీడ వదిలేది. "చిన్నప్పుడు బీసీజీ వేయించాం కదా, అందుకే అలా చూపిస్తుంది, మానెయ్" అని ఇక్కడి నుంచి బాబాయి తీర్పిచ్చాడు. బీసీజీ తికమక పెట్టేది చేతికి సూది పొడిచి చూసే పరీక్షని, రక్తపరీక్షను కాదు. బాబాయి చేసేది సిమెంటు వ్యాపారం.

మన అమ్మాయి ఇంట్లోనూ చెప్పలేదు, నాన్న కంగారు పడతాడని. ఇక్కడ ఆ నాన్నకు అక్టోబరులోనే గుండెకు స్టెంట్ వేశారు. "అమ్మాయికి తెలియనివ్వకండి, పరీక్షలున్నాయి" అని నా దగ్గర మాట తీసుకున్నారు. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో ఇటువాళ్లు అటువాళ్లకు, అటు పిల్ల ఇటువాళ్లకు, నిక్షేపంగా ఉన్నట్టు కనబడేవాళ్లు.

జనవరిలో తల్లి ఒక ఫొటో పట్టుకొచ్చింది. దువ్వెన నిండా ఊడిన జుట్టు. "ఆ నీళ్లకి తగ్గ షాంపూ ఏదైనా రాయండి." ఫొటోకి మందు రాయను, పిల్లను చూపించమన్నాను. నాకు పొద్దున తొమ్మిది, అక్కడ ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. మొహం కనపడగానే సగం తెలిసిపోయింది. కళ్ల చుట్టూ ఉబ్బు, బొంగురు గొంతు. మెడ దాకా జిప్పు లాగిన జాకెట్టు, దాని మీద దుప్పటి. వెనకాల రూమ్మేట్ పొట్టి చేతుల టీషర్టులో నిలబడి మ్యాగీ కలుపుతోంది.

"హీటర్ పనిచేయట్లేదా అమ్మా?"

"చేస్తోంది అంకుల్. నాకే చలి."

మిగతా సగం ఆ టీషర్టు చెప్పింది.

మర్నాడు వైద్యశాలకు వెళ్లింది. నాలుగు, నాలుగున్నర దాటకూడని టీఎస్‌హెచ్ 90 పైన ఉంది. బిళ్ల మళ్లీ మొదలుపెట్టారు. నెల మందుకయ్యే ఖర్చు, అక్కడ ఒకపూట బయట భోంచేసినంత కూడా లేదు.

ఆరు వారాలకు మళ్లీ పరీక్ష. తగ్గింది గానీ, తగ్గాల్సినంత తగ్గలేదు. తల్లి ఎదురుగా కూర్చుని ఉండగానే ఫోన్ చేశాను. బిళ్ల ఎలా వేసుకుంటున్నావంటే, బస్సు కోసం పరిగెడుతూ కాఫీతోనట. ఎముకల బలానికని ఇంటి నుంచి ఎవరితోనో వచ్చిన కాల్షియం బిళ్ల కూడా అదే గుక్కలో! కాల్షియం, ఐరన్ లాంటివి థైరాక్సిన్‌ను ఒంటికి సరిగ్గా అందనివ్వవు. పరగడుపున మంచినీళ్లతో వేసుకో, కాఫీకి కనీసం అరగంట ఆగు, కాల్షియానికి నాలుగు గంటల ఎడం ఇవ్వు అని కేకలేశాను.

"సరే అంకుల్. కాల్షియం వల్లేనని అమ్మకి మాత్రం చెప్పకండి. పంపినందుకు బాధపడుతుంది."

స్పీకర్‌లో విన్న తల్లి, తనిక్కడ ఉన్నట్టు చెప్పొద్దని చేత్తో సైగ చేసింది. ఫోన్ పెట్టేశాక కళ్లు తుడుచుకుని అడిగింది:

"మరి ఐరన్ బిళ్లలైతే పంపొచ్చాండీ?"