అమ్మ పాటలూ – ఫ్లాష్ టూలూ

మా ఇంట్లో ఏ వస్తువు చెడినా నేరం నాదే. ఈసారి ఆ మాట అక్షరాలా నిజం. పాత ఫోనులో అప్‌డేటు ఎక్కుతుండగా, ఎంతకీ తెమలడం లేదని విసుగుపుట్టి, పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను. అంతే! కంపెనీ ముద్ర కనిపించడం, మాయమవడం, మళ్ళీ కనిపించడం.

ఫోను పోతే పోయింది. అందులో మా అమ్మ పాడిన మంగళహారతులు పదకొండు ఉన్నాయి. 2019 వేసవిలో వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి పాడించాను. 2021లో అమ్మ పోయింది. పాటల్లోని మాటలు మా శ్రీమతి నోటుపుస్తకంలో ఉన్నాయిగాని, ఆ వరసలు ఇంకెవరికీ రావు. మరి నకలు తీసి ఉంచలేదా అని మీరడగవచ్చు. తాళపత్ర ప్రతులు నకళ్ళు లేక ఎలా నశించాయో ఏటేటా పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. తీయలేదు.

బజారులో కుర్రవాడు, "సాఫ్ట్‌వేరు కొట్టాలి సార్. అరగంట పని. లోపలున్నవన్నీ పోతాయి" అన్నాడు, చొక్కా ఉతికితే మురికి పోతుందన్నంత తేలిగ్గా. ఫోను మళ్ళీ జేబులో వేసుకున్నాను.

నా దగ్గర చదువుకుని ఇప్పుడు కంప్యూటర్ల పనిలో ఉన్న శిష్యుడొకడు సాయంత్రం వచ్చాడు.

"ఫ్లాషింగ్‌కి ఏ టూలు మంచిది నాయనా?"

"అలా కాదు మాస్టారూ, ముందు మీ ఫోనులో చిప్పేమిటో చూడాలి."

శాంసంగ్ ఫోన్లకు ఓడిన్ అట. అది ఉత్తర ఐరోపా పురాణాల్లో దేవుడి పేరు! గూగుల్ పిక్సెల్‌కైతే బ్రౌజరులోనుంచే ఎక్కించవచ్చునట. మాది మీడియాటెక్ చిప్పు గనుక ఎస్‌పి ఫ్లాష్ టూలు. అన్ని ఫోన్లకూ పనిచేస్తామని చెప్పుకునే ఉచిత టూళ్ళను మావాడు దగ్గరికే రానివ్వలేదు.

ఎంపిక అయిపోయిందనుకున్నాను. అసలుది టూలు తెరిచాక వచ్చింది. అందులో 'ఫార్మాట్ ఆల్' అని ఒకటుంది. దాన్ని నొక్కితే పాటలే కాదు, ఫోనుకు పుట్టుకతో వచ్చిన 15 అంకెల ఐఎమ్‌ఈఐ కూడా తుడుచుకుపోవచ్చు. మేము 'డౌన్‌లోడ్ ఓన్లీ' పట్టుకున్నాం. తరవాత స్కాటర్ ఫైలు. ఏ భాగం ఫోను జ్ఞాపకంలో ఎక్కడ మొదలవుతుందో చెప్పే విషయసూచిక అన్నమాట. అది తెరవగానే భాగాల పేర్లు వరసగా వచ్చాయి, ఒక్కొక్కదాని పక్కనా టిక్కు. 'యూజర్‌డేటా' దగ్గర టిక్కు తీసేసి, "మీరూ ఒకసారి చూడండి మాస్టారూ" అన్నాడు. కళ్ళజోడు తుడుచుకుని మూడుసార్లు చూశాను. ఫర్మ్‌వేరు కూడా, ఎక్కుతూ ఆగిపోయిన ఆ వెర్షన్నే తెచ్చాడు. అంతకన్న పాతది వేస్తే తాళం పడ్డ సమాచారం తెరుచుకోకపోవచ్చునట.

ఫోను ఆపి, కేబులు తగిలించాడు. ఎర్ర గీత పాకింది. తరవాత పసుప్పచ్చ గీత.

"ఏమండీ, కరెంటు పోతే?" అన్నది మా శ్రీమతి.

ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉందని ముగ్గురికీ తెలుసు. అయినా ముగ్గురం ఒక్కసారి ఫాను వైపు చూశాం.

ఆకుపచ్చ టిక్కు వచ్చింది. ఫోను లేవడానికి చాలాసేపు తీసుకుంది. ఈసారి నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. శిష్యుడు ముందుగా పెన్‌డ్రైవు తీసి బల్లమీద పెట్టి, ఆ తరవాతే మొదటి పాట నొక్కాడు.

పాటకు ముందు అమ్మ గొంతు సవరించుకుంది. "ఒరేయ్, అందులోకి ఎక్కుతోందా?"

"ఎక్కుతోందమ్మా, నువ్వు పాడు" అంటున్నాను నేను.