గోరంత కప్ప కోసం కొండంత ప్రయాణం

మా రొళ్ల నుంచి వైనాడు పోయొచ్చామంటే ఊళ్ళో అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏం చూసొచ్చారు, ఏనుగులా, జలపాతాలా?" అని. "కప్ప కోసం పోయాం" అంటే నవ్వారు. మీరూ నవ్వుతున్నారు కదూ? పూర్తిగా చదివాక నవ్వండి.

శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఉంది మా ఊరు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. వాన మాకు చుట్టం లాంటిది. ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా రెండు పూటలు నిలవదు. చిన్నప్పుడు వాన పడకపోతే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. అమ్మలక్కలు చెంబుతో నీళ్ళు పోసేవారు. కప్పతో నా మొదటి పరిచయం అదీ.

రెండోది ఇంటర్‌లో. బైపీసీ ల్యాబ్‌లో కప్పను కోసి చూపించారు. కోశాక కూడా కొట్టుకుంటున్న ఆ చిన్న గుండెను చూసి, డిగ్రీలో జువాలజీయే తీసుకోవాలనుకున్నాను. ఆ వేసవిలోనే పెళ్ళి కుదిరింది. డిగ్రీ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. "నీట్ రాయను, బీఎస్సీ జువాలజీ చదివి కప్పల మీద పరిశోధన చేస్తా" అంది. మావారు ఏమీ అనలేదు. అత్తమ్మ మాత్రం "రాత్రిళ్ళు అడవిలో టార్చిలైటు పట్టుకొని కప్పల ఎంట తిరిగే చదువు ఆడపిల్లకు ఎందుకమ్మా?" అంది. నిజం చెబుతున్నాను, నాకూ అలాగే అనిపించింది. "ఒక్కసారి ఒక కొండ చూపిస్తా రండి, తర్వాత మీ ఇష్టం" అని పిల్ల బతిమాలింది. పోయిన దసరా సెలవుల్లో బయల్దేరాం.

శిరా, తుమకూరు, మైసూరు, గుండ్లుపేట మీదుగా సుల్తాన్ బత్తేరి పోవాలి. మీరు వెళ్ళేటట్లయితే ఒక మాట గుర్తుంచుకోండి. బందీపూర్ అడవి దారిని రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. మధ్యాహ్నానికే మైసూరు దాటండి. నిమ్మకాయ చిత్రాన్నం ఆ పూటకే. చింతపండు పులిహోర అయితే మర్నాడు కూడా చెడలేదు. అడవి పక్కన జలగలుంటాయి. పల్చని గుడ్డలో ఉప్పు మూట కట్టి దగ్గర పెట్టుకోండి, తాకిస్తే రాలిపోతాయి.

వైనాడులో పొళుతన అనే ఊరి దగ్గర ఉంది కురిచ్యర్‌మల. అనుమతి లేకుండా అడవిలోకి పోకూడదు కాబట్టి కాఫీ తోటల పక్కన వాగు వెంట నడిచాం. మా ఊళ్ళో నడిస్తే కాళ్ళ కింద మట్టి గరగరమంటుంది. అక్కడ రాలిన ఆకులు తడిసి, పరుపు మీద అడుగేసినట్లుంది. "అమ్మా, చూసి నడువు. 2007లో మన దేశంలోకెల్లా చిన్న కప్పను ఈ కొండ మీదే కనిపెట్టారు" అంది మా అమ్మాయి.

ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.డి. బిజు, ఆయన బృందం కనిపెట్టారట. పెరిగిన కప్పే సెంటీమీటరుకు కొంచెం అటూ ఇటూ. మన చిక్కుడు గింజంత అనుకోండి. ముందు చూసినప్పుడు పిల్లకప్ప అనుకున్నారు. మగవి అరవడం, ఆడవాటి కడుపులో గుడ్లుండటం చూశాకే ఇవి పెద్దవేనని తేలింది. చిన్నగా ఉందని పిల్ల అనుకోవడం, అన్నాళ్ళూ లెక్కలోకి తీసుకోకపోవడం! ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

కొత్త జాతి అని ఊరికే చెప్పేస్తే సరిపోదు. పొడవు మిల్లీమీటర్లలో కొలవాలి. వేళ్ళు, చర్మం, వేళ్ళ మధ్య పొర చూడాలి. అరుపు రికార్డు చేయాలి. మ్యూజియంలో ఉన్న పాత కప్పలతో పోల్చాలి. ఇప్పుడైతే డీఎన్ఏ కూడా చూస్తారు. ఆ బృందంలో హైదరాబాద్ సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్త జె. నాగరాజు గారు కూడా ఉన్నారు. అన్నీ తేలాక నమూనాను భద్రపరచి, పేరు పెట్టి, పత్రిక్కి పంపుతారు. పేరు మన పద్ధతే, ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. దీని ఇంటిపేరు నిక్టిబాట్రాకస్, అంటే రాత్రికప్ప. పేరు మినిమస్, అంటే అన్నిటికన్నా చిన్నది.

అదే కొండలో 2010లో ఇంకో కప్ప దొరికింది. ఒంటి నిండా చుక్కలు, కడుపు నారింజ రంగు. అది ఏ ఇంటిదో తేల్చడానికి ఏళ్ళు పట్టింది. చివరికి దానికి దగ్గరి చుట్టాలే లేరని తేలింది. సుమారు 6 కోట్ల ఏళ్ళ కిందటే వేరుపడిన వంశమట. 2019లో కొత్త ఇంటిపేరు పెట్టారు, ఆస్ట్రోబాట్రాకస్ కురిచియానా అని. ఆ కొండల్లో ఉండే కురిచ్య గిరిజనుల పేరు అది.

ఆ సాయంత్రం వాగు గట్టున కూర్చుంటే కీచురాళ్ళ మోతలా వినిపించింది. "కీచురాళ్ళే అనుకుంటాం, కప్పలూ కావచ్చు" అంది పిల్ల. 2017లో సోనాలీ గర్గ్ అనే ఆమె, బిజు గారు, మరికొందరు కలిసి అయిదేళ్ళు పడమటి కనుమల్లో వెతికి ఏడు కొత్త రాత్రికప్పలను లోకానికి చూపించారు. వాటిలో నాలుగు బొటనవేలి గోరు మీద సరిపోతాయి. అరుపు పురుగు అరుపులా ఉండటంతో అన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. "ఆమె కూడా ఆడదేనమ్మా. అప్పటికి ఇంకా పీహెచ్‌డీ చదువుతోంది" అంది మా అమ్మాయి. నేను బదులు చెప్పలేదు.

మేం దిగిన ఇంటి ఆమె టీ ఇస్తూ కొండ వైపు చూపించింది. 2018 వరదల్లో కురిచ్యర్‌మల విరిగిపడిందట. 2024 జూలై 30న ఈ జిల్లాలోనే ముండక్కై, చూరల్‌మల ఊళ్ళు కొట్టుకుపోయి రెండు వందల మందికి పైగా పోయారు. మనుషులే మిగలని చోట కప్పల లెక్క ఎవరికి? కానీ వాటికి ఉన్నదే ఆ కాస్త కొండ. పేరు పెట్టకముందే పోయినవి ఎన్నో!

ఇంతకీ మాకు ఆ కప్ప కనబడలేదు. ఆకులు తిరగేసి వెతకడానికి మా అమ్మాయే ఒప్పుకోలేదు. "దాని ఇల్లు మనం పీకడమెందుకు?" అంది.

తిరుగు ప్రయాణంలో మావారు "మన మెట్టనేలలో ఏముంటాయిలే" అన్నారు. వెంటనే జవాబొచ్చింది. బెంగళూరు శివారు రాజానుకుంటెలో మట్టిలో దాక్కునే కొత్త కప్పను 2020లో గుర్తించారట. దానికి బెంగళూరు పేరే పెట్టారు. అక్కడి నుంచి మా ఊరెంత దూరం?

అత్తమ్మ ఇంకా ఒప్పుకోలేదు. మావారు మాత్రం డిగ్రీ కాలేజీలో జువాలజీ సీట్లు ఎన్నని విచారించి వచ్చారు. నేను ఇంటర్ తర్వాత ఎత్తని మాట ఈసారి ఎత్తాను. "దాన్ని చదవనిద్దాం" అన్నాను, అంతే.

మొన్న వాన పడ్డ రాత్రి పెరట్లో బెకబెకలు మొదలయ్యాయి. ఎప్పుడూ కిటికీ వేసేదాన్ని, ఆ రాత్రి తీసే ఉంచాను. మీ పెరట్లో కూడా వినండి. ఎన్ని రకాల అరుపులున్నాయో లెక్కపెట్టి చూడండి.